లోపలికి వచ్చే దారి

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ సంస్థ భారతదేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవలను అందుబాటులోకి తెచ్చింది. ఆనాడు కొన్ని మహానగరాలకే పరిమితమైన ఆ సౌకర్యం క్రమక్రమంగా పట్టణాలకూ, పల్లెలకూ విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ తీగలు లాగి ఇంటింటికీ ఇంటర్నెట్ చేరవేయాలని సంకల్పించిన ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. విజయనగరం నుంచి సాలూరు వెళ్లే రహదారి మీద, చంపావతీ నదీతీరాన ఉన్న గజపతినగరం వంటి చిన్న పట్టణాలలో సైతం నేడు ఇంటి గోడకు వేలాడుతూ, ఆకుపచ్చని చిరుదీపాలను మిణుకుమిణుకుమనిపించే పెట్టె ఒకటి కనిపించడం వింత కాదు. ఆ పెట్టె పేరే రౌటర్.

ఈ పెట్టె పుణ్యమా అని ఇంటిలోని వారు లోకాన్ని చూస్తున్నారు. పరీక్షా ఫలితాలు, రైలు వేళలు, సినిమాలు, పాఠాలు, సమస్తం ఇంటికే నడిచి వస్తున్నాయి. అయితే దీనికి తిరుగు ప్రశ్న ఒకటి ఉంది. ఇంటిలో ఉన్న దానిని లోకం చూడగలదా? గజపతినగరంలోని ఒక ఇంటి కంప్యూటరులో భద్రపరచిన పాటను చెన్నైలో ఉన్న బంధువు తన ఫోనులో నేరుగా వినగలడా? వినగలడు. కాని దానికి ఇంటివారు బుద్ధిపూర్వకంగా ఒక తలుపు తెరవాలి. ఆ తలుపు ఎక్కడ ఉంది, ఎందుకు మూసి ఉంది, దానిని ఎలా తెరవాలి, తెరిస్తే రాగల ఆపద ఏమిటి అన్నవి ఒకదానితో ఒకటి ముడివడిన విషయాలు.

ఒక ఉదాహరణను ఊహించుకోవచ్చు. గజపతినగరంలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక విద్యార్థిని ఉంది. వాళ్ల నాయనమ్మకు ఊడుపు పాటలు, పెళ్లి పాటలు ఎన్నో వచ్చు. ఊరి పండుగలలో ఆడే తప్పెటగుళ్ల పాటలు తాతయ్యకు కంఠస్థం. ఆ అమ్మాయి రెండేళ్ల పాటు సెలవు దినాలలో వారి చేత పాడించి, తన ఫోనులో రికార్డు చేసి, మూలన పడి ఉన్న పాత కంప్యూటరులో వాటిని జాగ్రత్త చేసింది. ఉత్తరాంధ్రలోని అనేక కుటుంబాల వలెనే ఆ కుటుంబం కూడా పని వెతుక్కొంటూ పలుచోట్లకు చెదిరిపోయింది. చిన్నాన్న చెన్నైలో, మేనత్త హైదరాబాదులో ఉన్నారు. వారందరికీ ఆ పాటలు వినాలని ఉంది. రికార్డులన్నిటినీ ఏదో ఒక సంస్థ వారి నిల్వలో పెట్టవచ్చు. అయితే ఉచితంగా ఇచ్చే చోటుకు పరిమితి ఉంటుంది. పైగా ఆ సంస్థ రేపు నియమం మార్చినా, సేవను ఆపివేసినా అడిగే హక్కు వీరికి ఉండదు. నాయనమ్మ గొంతు పరాయి పంచన ఉండడం ఆ ఇంటిలో ఎవరికీ ఇష్టం లేదు. అందుచేత ఇంటి కంప్యూటరునే సర్వరుగా మార్చాలని విద్యార్థిని తలపెట్టింది.

సర్వరు అనగానే చల్లని గదులలో బారులు తీరిన యంత్రాలు మనసుకు తోస్తాయి. నిజానికి సర్వరు అన్నది యంత్రం పేరు కాదు, అది చేసే పని పేరు. అడిగిన వారికి అడిగిన దానిని అందించేది సర్వరు. అందుకు తగిన ప్రోగ్రామును నడిపితే పదేళ్ల నాటి కంప్యూటరయినా సర్వరే. విద్యార్థిని తన కంప్యూటరులో అటువంటి ప్రోగ్రామును అమర్చింది. అదే ఇంటిలో ఉన్న ఫోను నుంచి చూస్తే పాటల పట్టిక చక్కగా కనిపించింది. చెన్నై నుంచి చిన్నాన్న ప్రయత్నిస్తే ఏమీ కనిపించలేదు. కంప్యూటరులో దోషం లేదు, తీగలో దోషం లేదు. కారణం చిరునామాలో ఉంది.

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక సంఖ్యారూపమైన చిరునామా ఉండాలి. దానినే ఐ.పి. చిరునామా అంటారు. 1981లో స్థిరపడిన నాలుగవ రూపం ప్రకారం ఈ చిరునామా 32 బిట్ల పొడవు గలది. చుక్కలతో వేరుచేసిన నాలుగు అంకెల గుంపులుగా దానిని రాస్తారు. ఈ లెక్కన సాధ్యమయ్యే చిరునామాల సంఖ్య 429 కోట్ల 49 లక్షల పైచిలుకు. ఆనాటి నిర్మాతలకు అది అక్షయపాత్రగా తోచి ఉంటుంది. కాని ప్రపంచ జనాభాయే అంతకు మించినది. ఒక్కొక్కరికి ఒక ఫోను, ఇంటికొక కంప్యూటరు, గోడకొక కెమెరా అనుకొంటే ఆ పాత్ర అడుగంటడానికి ఎంతో కాలం పట్టదు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచస్థాయి నిల్వలోని చివరి భాగాలను ప్రాంతీయ సంస్థలకు పంచివేశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి చిరునామాలు కేటాయించే సంస్థ తన ఆఖరి భాగానికి చేరుకొని పొదుపు పాటించడం మొదలుపెట్టింది.

ఈ కరవును ముందుగా పసిగట్టిన వారు 1994లో ఒక ఉపాయం ప్రతిపాదించారు. ఇంటిలో ఎన్ని యంత్రాలున్నా బయటికి ఒకే చిరునామా కనిపించాలి. లోపలి యంత్రాలకు ఇంటి వరకే చెల్లే చిరునామాలు ఇవ్వాలి. రెంటి నడుమ రౌటరు దుబాసీగా ఉండి ఒకదానిని మరొకదానిగా మార్చుతూ ఉండాలి. ఈ చిరునామాల మార్పిడినే క్లుప్తంగా నాట్ అని వ్యవహరిస్తారు. ఇది స్వల్పకాలిక పరిష్కారమని ప్రతిపాదించిన వారే చెప్పుకొన్నారు. ఆ స్వల్పకాలం మూడు దశాబ్దాలు దాటింది. తాత్కాలికమని వేసిన పందిరి కింద రెండు తరాలు కాపురం చేసినట్లయింది.

లోపలి వాడుక కోసం ప్రత్యేకించిన చిరునామాలు 1996లో ఖరారయ్యాయి. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి వాటిలో ముఖ్యమైనవి. ఊరూరా ‘పెద్దిల్లు’ అనే పేరు గల ఇల్లు ఉన్నట్లే, 192.168.1.20 అనే చిరునామా గజపతినగరంలోనూ ఉంటుంది, బొబ్బిలిలోనూ ఉంటుంది, న్యూయార్కులోనూ ఉంటుంది. ఊరిలోని వారికి అది చాలు. పొరుగూరి నుంచి ‘పెద్దిల్లు’ అని మాత్రమే రాసి ఉత్తరం వేస్తే పోస్టుమాను ఏ ఇంటికని చేరవేయాలి? చిన్నాన్నకు ఎదురైన చిక్కు ఇదే.

దీనిని అర్థం చేసుకోవడానికి ల్యాండ్‌లైన్ రోజుల నాటి ఒక వాడుక బాగా ఉపకరిస్తుంది. అప్పట్లో ఫోను అందరి ఇళ్లలో ఉండేది కాదు. దరఖాస్తులలో, విజిటింగ్ కార్డులలో ఫోను నంబరు రాయవలసి వస్తే పొరుగింటి నంబరో, వీధి చివరి కిరాణా దుకాణం నంబరో రాసి, పక్కన ‘పి.పి.’ అని చేర్చేవారు. దుకాణానికి వెళ్లి బయటి ఊరికి ఫోను చేయడం సులభమే. మాట్లాడి, ‘పది నిమిషాలలో తిరిగి చేయండి, ఇక్కడే ఉంటాను’ అంటే దుకాణదారుకు సంగతి తెలుసు కనుక వచ్చిన ఫోనును వెంటనే అందించేవాడు. అలా కాక, ముందు చెప్పకుండా బయటి నుంచి ఫోను వస్తే దుకాణదారు ఎవరిని పిలవాలి? ఫలానా వారి కోసం ఫోను వస్తే ఫలానా ఇంటికి కబురు పంపండి అని ముందుగా చెప్పి ఉంచితేనే అది సాధ్యం.

రౌటరు సరిగా ఆ దుకాణదారు వంటిదే. ఇంటిలోని ఫోను ఒక వార్తాపత్రిక పుటను కోరినపుడు, ఆ కోరిక రౌటరు గుండా వెళుతుంది. రౌటరు తన పద్దులో ఒక వరుస రాసుకొంటుంది: లోపల ఫలానా యంత్రం, బయట ఫలానా సర్వరు, మధ్యలో ఫలానా సంఖ్య. సమాధానం రాగానే పద్దు చూసి లోపలికి పంపుతుంది. పని ముగిసిన కొంతసేపటికి ఆ వరుసను కొట్టివేస్తుంది. పద్దులో లేని వారెవరైనా బయటి నుంచి తలుపు తడితే, ఎవరికి అప్పగించాలో తెలియక, వచ్చిన దానిని జారవిడుస్తుంది. ఇల్లు బయటికి పోవడానికి తెరచి, లోపలికి రావడానికి మూసి ఉండడంలోని రహస్యం ఇదే. ఇది చిరునామాల కరవు కోసం పుట్టిన ఏర్పాటే కాని కాపలా కోసం పుట్టినది కాదు. అయినా కోట్లాది ఇళ్లను అనామక దాడుల నుంచి ఇది కాపాడిందనడం అతిశయోక్తి కాదు.

పైన చెప్పిన ‘ఫలానా సంఖ్య’ పేరు పోర్టు. చిరునామా ఇంటిని తెలిపితే పోర్టు ఆ ఇంటి ద్వారాన్ని తెలుపుతుంది. 1713లో పునాది పడిన విజయనగరం కోటకు తూర్పున ఒకటి, పడమట ఒకటి పెద్ద ద్వారాలున్నాయి. తూర్పు ద్వారం మీది నగారాఖానాలో ప్రముఖుల రాకను తెలుపుతూ నగారాలు మోగించేవారు. పడమటి ద్వారం రాజవంశీయుల సమాధుల వైపు దారి తీస్తుంది. కోట ఒకటే అయినా ఏ పని మీద వచ్చిన వారు ఏ ద్వారానికి రావాలన్నది నిర్ణయమై ఉన్నదన్నమాట. కంప్యూటరుకు ఇటువంటి ద్వారాలు 65 వేలకు పైగా ఉంటాయి. వెబ్ పుటలకు 80, రహస్య లిపిలో నడిచే వెబ్ పుటలకు 443, దూరం నుంచి కంప్యూటరును నడిపించే వారికి 22, ఈ విధంగా కొన్నిటికి సంప్రదాయసిద్ధమైన కేటాయింపులు ఉన్నాయి.

కనుక విద్యార్థిని చేయవలసినది, రౌటరు పద్దులో ఎన్నటికీ కొట్టివేయరాని ఒక వరుసను తానే రాయడం. ‘443వ ద్వారానికి వచ్చిన ప్రతి పిలుపునూ పాటల కంప్యూటరుకు అప్పగించు’ అన్నదే ఆ వరుస. దీనినే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు.

దానికి ముందు ఒక జాగ్రత్త అవసరం. రౌటరు ఇంటిలోని యంత్రాలకు చిరునామాలను రోజుకూలీకి పని పంచినట్లు పంచుతుంది. నిన్న 192.168.1.20 అయిన కంప్యూటరు కరెంటు పోయి వచ్చిన తరువాత 192.168.1.23 కావచ్చు. అప్పుడు పద్దులోని వరుస మరొక యంత్రానికి, ఒక్కొక్కసారి నాన్నగారి ఫోనుకే, దారి చూపుతుంది. కాబట్టి పాటల కంప్యూటరుకు ఎల్లప్పుడూ ఒకే చిరునామా దక్కేటట్లు రిజర్వు చేయాలి. ప్రతి యంత్రపు నెట్‌వర్క్ భాగానికీ తయారీ సమయంలోనే ఇచ్చిన మాక్ చిరునామా అనే గుర్తు ఉంటుంది. రౌటరులో ఆ గుర్తును చూపి, దానికి ఫలానా చిరునామా అని నమోదు చేస్తే సరిపోతుంది.

ఇక అసలు పని. ఇంటి కంప్యూటరు బ్రౌజరులో 192.168.1.1 లేదా 192.168.0.1 అని టైపు చేస్తే సాధారణంగా రౌటరు పుట తెరుచుకొంటుంది. ఖచ్చితమైన అంకె పెట్టె అడుగున అంటించిన కాగితం మీద ఉంటుంది. పేరు, పాస్‌వర్డు ఇచ్చి లోపలికి వెళ్లిన తరువాత పోర్ట్ ఫార్వర్డింగ్ అన్న విభాగాన్ని వెతకాలి. కొన్ని పెట్టెలలో దీనికే వర్చువల్ సర్వర్ అని పేరు. మరికొన్నిటిలో ఇది నాట్ అన్న శీర్షిక కింద దాగి ఉంటుంది. ఒకే వస్తువుకు ఇన్ని పేర్లు పెట్టడం వల్ల నేర్చుకొనే వారికి కలిగే శ్రమను తయారీదారులు పట్టించుకోకపోవడం విచారకరం. అక్కడ అడిగేవి నాలుగే అంశాలు: బయటి పోర్టు, లోపలి చిరునామా, లోపలి పోర్టు, రవాణా పద్ధతి. చివరి దానికి టి.సి.పి., యు.డి.పి. అని రెండు ఎంపికలుంటాయి. మొదటిది పంపిన ప్రతి ముక్కా ముట్టినట్లు రసీదు కోరుతుంది. రెండవది రసీదు కోసం ఆగదు. వెబ్ పుటలకు వాడుకగా టి.సి.పి.ని ఎన్నుకోవాలి. వివరాలు నింపి భద్రపరచితే రౌటరు పని ముగిసింది. అయితే పాటల కంప్యూటరులోనే ఫైర్‌వాల్ అనే మరొక కాపలా ఉంటుంది. అదే పోర్టును అక్కడ కూడా అనుమతించకపోతే వీధి తలుపు తెరిచి పడకగది తలుపు వేసినట్లే.

పరీక్షించే పద్ధతిలో చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇంటి వైఫైలో ఉండి తమ ఇంటి బయటి చిరునామాను తెరవబోతారు. ఇంటిలో నిలబడి తమ ఇంటి తలుపునే బయటి నుంచి తట్టాలనుకోవడం వంటిది ఇది. కొన్ని రౌటర్లు దానిని మన్నిస్తాయి, చాలా రౌటర్లు మన్నించవు. ఫోనులో వైఫైని ఆపి, మొబైల్ డేటా మీద చూడడమే సరియైన పరీక్ష.

ఇంతా చేసినా చిన్నాన్నకు పాట వినిపించకపోవచ్చు. ఈ అంశమే గజపతినగరం వంటి ఊళ్లకు మిక్కిలి ప్రధానమైనది. రౌటరు పుటలో వాన్ చిరునామా అని ఒకటి కనిపిస్తుంది. అది రౌటరుకు బయటివైపు ఉన్న చిరునామా. ‘నా ఐ.పి. ఏది’ అని తెలిపే ఏదైనా వెబ్‌సైటును తెరిచి, అక్కడ కనిపించే అంకెతో దీనిని పోల్చాలి. రెండూ ఒక్కటైతే చిక్కు లేదు. వేరయితే, ఈ రౌటరుకు అవతల మరొక రౌటరు ఉన్నదని అర్థం. కొందరి ఇళ్లలో కంపెనీ వారు బిగించిన ఫైబర్ పెట్టె వెనుక సొంతంగా కొన్న రౌటరు ఉంటుంది. అప్పుడు రెండింటిలోనూ దారి రాయాలి, లేదా మొదటి దానిని కేవలం వారధిగా ఉండే బ్రిడ్జ్ పద్ధతికి మార్చమని కోరాలి. ఇది ఇంటిలో తీరే సమస్యే.

తీరనిది రెండవ రకం. చిరునామాల కొరత వల్ల ఇంటర్నెట్ కంపెనీలు కూడా తమ స్థాయిలో నాట్‌ను నెలకొల్పి, వందలాది ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతున్నాయి. ఒక వీధికి ఒక పి.పి. నంబరు పోయి, మండలమంతటికీ ఒకే పి.పి. నంబరు వచ్చినట్లు. ఈ ఏర్పాటు కోసమే 2012లో 100.64 నుంచి 100.127 వరకు మొదలయ్యే చిరునామాలను ప్రత్యేకించారు. వాన్ చిరునామా ఈ హద్దులలో ఉంటే విషయం తేటతెల్లం. ఇంటి రౌటరులో ఎన్ని వరుసలు రాసినా ఫలితం శూన్యం. పిలుపు కంపెనీ వారి పెట్టె దగ్గరే ఆగిపోతుంది. ఆ పెట్టె పద్దులో రాసే అధికారం ఇంటివారికి లేదు.

ఈ తేడా చూడడానికి సాంకేతికమే కాని దాని పర్యవసానం సామాజికమైనది. మొదటి రూపంలో ఇంటర్నెట్ అన్నది సమానుల సభ. ఏ యంత్రమైనా ఏ యంత్రాన్నయినా పలుకరించగలదు. చిరునామాలు ముందుగా దక్కించుకొన్న దేశాలలో, సంస్థలలో ఆ స్వభావం కొంత నిలిచి ఉంది. ఆలస్యంగా పంక్తికి వచ్చిన ప్రాంతాలలోని గృహస్థునికి పుచ్చుకొనే చేయి దక్కింది కాని ఇచ్చే చేయి దక్కలేదు. తన ఇంటి పాటను తన ఇంటి నుంచే వినిపించాలని ఉన్నా, మరొకరి దుకాణంలో అమర్చి అక్కడి నుంచి వినిపించక తప్పని స్థితి ఏర్పడింది. ఫైబరు తీగ వేగంలో లోపం లేదు. లోపం ఆ తీగ చివర రాసి ఉన్న అంకెలో ఉంది.

దీనికి మార్గాలు లేకపోలేదు. చాలా కంపెనీలు అదనపు రుసుము తీసుకొని ప్రత్యేకమైన బహిరంగ చిరునామాను ఇస్తాయి. అడిగేటప్పుడు ‘ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంది’ అని కాక ‘స్థిరమైన పబ్లిక్ ఐ.పి. కావాలి’ అని స్పష్టంగా కోరడం మేలు. మారే పబ్లిక్ చిరునామా మాత్రమే దక్కినా నష్టం లేదు. చిరునామా మారినప్పుడల్లా ఒక పేరుతో దానిని ముడివేసే డైనమిక్ డి.ఎన్.ఎస్. సేవలు ఉన్నాయి. చిన్నాన్న ఆ పేరును గుర్తుంచుకొంటే చాలు.

రెండవ మార్గం 1998లో రూపొందిన ఆరవ రూపం. ఇందులో చిరునామా పొడవు 128 బిట్లు. ఇంటిలోని ప్రతి యంత్రానికీ సొంత బహిరంగ చిరునామా ఇవ్వగలిగినంత సమృద్ధి ఇక్కడ ఉంది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత భారతదేశంలో దీని వాడకం విశేషంగా పెరిగి, ప్రపంచంలోని ముందువరుస దేశాల సరసన నిలిచింది. ఆరవ రూపంలో చిరునామాల మార్పిడి అవసరం ఉండదు. అయినా రౌటరులోని ఫైర్‌వాల్ సాధారణంగా బయటి వారిని అడ్డగిస్తుంది. అక్కడ అనుమతి వరుస రాయాలి. చిన్నాన్న వైపు కూడా ఆరవ రూపం ఉండాలన్నది ఒక్కటే నియమం.

మూడవ మార్గం చమత్కారమైనది. బయటి వారు లోపలికి రాలేకపోయినా, లోపలి వారు బయటికి పోవడానికి ఆటంకం లేదు కదా! పాటల కంప్యూటరే బయట అద్దెకు తీసుకొన్న ఒక చిన్న సర్వరుకు సొరంగం వంటి దారిని వేసి, దానిని మూయకుండా ఉంచుతుంది. వచ్చేవారు ఆ బయటి సర్వరు దగ్గరికి వచ్చి, సొరంగం గుండా ఇంటికి చేరుతారు. పాటలు ఇంటిలోనే ఉంటాయి. గుమ్మం మాత్రం వేరే ఊరిలో ఉంటుంది.

తలుపు తెరవడం నేర్చిన వారు దాని వెంట వచ్చే ప్రమాదాన్ని కూడా తెలుసుకోవాలి. గజపతినగరంలోని ఒక ఇంటి పోర్టును ఎవరు వెతుకుతారులే అన్న ధీమా పనికిరాదు. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జెడ్‌మ్యాప్ అనే సాధనాన్ని రూపొందించారు. మంచి వేగం గల తీగకు తగిలించిన ఒకే ఒక కంప్యూటరుతో, నాలుగవ రూపంలోని బహిరంగ చిరునామాలన్నిటినీ, ఒక్కొక్క పోర్టు వంతున, 45 నిమిషాల లోపల తట్టి చూడవచ్చునని వారు నిరూపించారు. అంటే లోకంలోని ఇళ్లన్నిటి తలుపులనూ తట్టడానికి ఒక తరగతి పీరియడు చాలునన్నమాట. మారుమూల ఉన్నామన్నది అక్కడ రక్షణ కాదు. ఆ లెక్కలలో మారుమూల అన్నదే లేదు.

2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచాన్ని కలవరపరచింది. అది చేసిన పనిలో గొప్ప మేధస్సు ఏమీ లేదు. ఇళ్లలోని కెమెరాలను, రౌటర్లను వెతికి, తయారీదారులు పెట్టిన పేర్లు, పాస్‌వర్డుల జతలను సుమారు అరవైని వరుసగా ప్రయత్నించింది. కొన్నవారు వాటిని మార్చకపోవడం వల్ల లక్షలాది పరికరాలు దాని వశమయ్యాయి. ఆ ఏడాది అక్టోబరు 21న వాటిలో పెక్కింటిని ఒక్కసారిగా డైన్ అనే సంస్థపైకి ఉసిగొల్పగా ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి ప్రసిద్ధ సేవలు గంటల తరబడి స్తంభించాయి. దానిని సృష్టించిన నేరాన్ని 2017 డిసెంబరులో అమెరికాలో ముగ్గురు యువకులు అంగీకరించారు. వారిలో పెద్దవాడికి కూడా డిగ్రీ విద్యార్థి ఈడే. ఎవరింటి గోడకో ఉన్న కెమెరా ఆ ఇంటి యజమానికి తెలియకుండానే ఎక్కడో జరిగిన దాడిలో సైనికుడయింది.

పాటల కంప్యూటరున్న ఇంటిలోనే నాన్నగారి బ్యాంకు లావాదేవీల ఫోను, అమ్మ ఆధార్ కాగితాల నకళ్లు, వాకిలిలోని కెమెరా కూడా ఉంటాయి. తెరిచిన తలుపు గుండా వచ్చినవాడు పాటల కంప్యూటరును లోబరచుకొంటే, అక్కడి నుంచి తక్కిన గదులలోకి తొంగిచూడగలడు. కాబట్టి రౌటరు పాస్‌వర్డును మొట్టమొదటనే మార్చాలి. రౌటరు పుట బయటి లోకానికి కనిపించకుండా, దూరం నుంచి నిర్వహించే సదుపాయాన్ని ఆపి ఉంచాలి. సర్వరు ప్రోగ్రామునూ రౌటరునూ సకాలంలో నవీకరించాలి. అవసరమైన ఒక్క పోర్టును మాత్రమే తెరవాలి. రౌటర్లలో డి.ఎమ్.జెడ్. అనే మీట ఒకటి ఉంటుంది. దానిని నొక్కితే పద్దులో లేని పిలుపులన్నీ ఒకే యంత్రానికి చేరుతాయి. పని సులభంగా అయిపోతుందన్న ఆశతో దీనిని వాడేవారు 65 వేల ద్వారాలనూ బార్లా తెరుస్తున్నారన్న సంగతి గ్రహించరు.

యు.పి.ఎన్.పి. అనే మరొక సదుపాయం ఇంకా సూక్ష్మమైనది. ఇంటిలోని ఆటల ప్రోగ్రాములు, కెమెరాలు తమకు కావలసిన తలుపును యజమానిని అడగకుండా తామే తెరుచుకోవడానికి ఇది వీలు కల్పిస్తుంది. సౌకర్యమే, సందేహం లేదు. కాని ఇంటికి వచ్చిన ప్రతి అతిథి చేతికీ తాళపుచెవుల గుత్తి ఇవ్వడం ఏ గృహస్థుడూ చేయని పని. ఎక్కడెక్కడ తలుపులు తెరిచి ఉన్నాయో తెలియాలంటే దీనిని ఆపివేసి, కావలసిన వరుసలను చేతితో రాసుకోవడమే మంచిది.

పాటలు వినేది ముగ్గురు నలుగురు బంధువులే అయితే, వెబ్ పోర్టును లోకానికంతటికీ తెరవనవసరమే లేదు. వి.పి.ఎన్. అనే పద్ధతిలో, రహస్యపు తాళం చెవి ఉన్న వారికి మాత్రమే జవాబిచ్చే ఒక్క ద్వారాన్ని తెరిస్తే చాలు. వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాము ఇందుకు పేరు పొందింది. చెవి లేనివాడు తలుపు తడితే అది పలకనైనా పలకదు. అక్కడ తలుపు ఉన్నదన్న సంగతే వాడికి తెలియదు. విద్యార్థిని వంటి వారికి ఈ పద్ధతే ఎక్కువ తగినది. ఒకవేళ పాటలను ఎల్లరకూ వినిపించాలనుకొంటే, పుటలు రహస్య లిపిలో ప్రయాణించడానికి కావలసిన ధ్రువపత్రాలను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 డిసెంబరు నుంచి ప్రజలకు ఉచితంగా ఇస్తున్నది.

ఉత్తరాంధ్రలో సర్వరు నడిపేవారు వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు విద్యుత్ స్తంభాలు విరివిగా నేలకూలాయి. స్తంభం కూలితే దాని మీది ఫైబరు కూడా తెగుతుంది. పాటల మరొక ప్రతిని వేరే డిస్కులో, వీలైతే హైదరాబాదులోని మేనత్త ఇంట ఉంచడం అవసరం. కరెంటు వచ్చిన వెంటనే కంప్యూటరు దానంతటది మేలుకొనేటట్లు దాని ప్రారంభ అమరికలలో నిర్ణయించవచ్చు.

బంధువులందరూ సంక్రాంతికి ఇంటికి వచ్చి, పాటలను తమ తమ ఫోనులలోకి ఎక్కించుకొని వెళ్లారనుకొంటే, ఇక ఆ తలుపుతో పని ఉండదు. అప్పుడు రౌటరు పుటలోకి వెళ్లి ఆ వరుసను తొలగించాలి. కంప్యూటరుకు రిజర్వు చేసిన చిరునామాను అలాగే ఉంచినా ఇబ్బంది లేదు. తొలగించిన తరువాత మొబైల్ డేటా మీద మరొకసారి ప్రయత్నించి, పాటల పట్టిక తెరుచుకోవడం లేదని నిర్ధారించుకోవాలి.